నలభై ఉండల కానుక

బాలింతకు పెట్టే కాయం పని ఫోన్‌తో మొదలవుతుంది. చుట్టాల ఇంట కాన్పు కబురు తెలియగానే అనకాపల్లిలోని మా పెద్దమ్మ బిడ్డ ఆడా మగా అని ఒక్కమాట అడిగి, ఆ వెంటనే అసలు వివరాల్లోకి దిగుతుంది. మామూలు కాన్పా, ఆపరేషనా? కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా? బీపీ మందులేమైనా వాడుతోందా? బారసాలకు వెళ్లే వాళ్లంతా వెండి ఉగ్గుగిన్నెలు, మొలతాళ్లు, గౌన్లు పట్టుకెళ్తారు. అన్నీ బిడ్డకే. పెద్దమ్మ పట్టుకెళ్లే సీసా మాత్రం తల్లిది. అందుకే తల్లి ఒంటి సంగతి తెలియకుండా ఆవిడ దినుసు కొనదు. షుగర్ ఉందంటే పాకం కాయం మానేసి, బెల్లం లేని కాయంపొడి కొడుతుంది. దాన్ని మొదటి ముద్ద అన్నంలో నెయ్యితో కలుపుకుని తింటారు. బీపీ ఉందంటే మీ డాక్టరమ్మనడిగి చెప్పండని ఫోన్ పెట్టేస్తుంది. జవాబు వచ్చేదాకా సంచీ పట్టుకుని బజారుకు కదలదు.

ఒక బాలింతకు నలభై రోజులకు సరిపడే కాయానికి ఆవిడ రాసుకునే చీటీ ఇది: సొంఠి 60 గ్రాములు, పిప్పళ్లు 10, మోడి 10, మిరియాలు 10, వాము 20, జీలకర్ర 20, ధనియాలు 20. మొత్తం 150 గ్రాములు. దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 225 గ్రాముల బెల్లం. నెయ్యి 75 గ్రాములు. సొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిస్తే ఆయుర్వేదం చెప్పే త్రికటు. బాలింతలకని సౌభాగ్య శుంఠి అనే పాకమే ఉంది ఆ శాస్త్రంలో. పెద్దమ్మకు ఆ పేర్లతో పనిలేదు. అయినా చీటీ చూస్తే రెండూ ఒక వంశానివేనని తెలిసిపోతుంది.

కొనడానికి ఒక పూట పడుతుంది. సొంఠి అంటే ఎండిన అల్లమే కానీ దుకాణంలో రెండు రకాలుంటుంది. సున్నం పట్టించి ఆరబెట్టింది తెల్లగా, చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. పట్టించనిది మట్టిరంగులో, ముడతలు పడి ఉంటుంది. పెద్దమ్మ రెండోదే తీసుకుంటుంది. కొమ్మును చెవి దగ్గర పెట్టి విరుస్తుంది. ఫట్‌మని విరగాలి, విరిగిన చోట పురుగు తొలిచిన బెజ్జం కనబడకూడదు. పిప్పళ్లు, మోడి ఆవిడకు దగ్గరి సరుకే. విశాఖ మన్యంలో, పాడేరు వైపు కొండల్లో పిప్పలి తీగను కాయల కన్నా వేళ్ల కోసమే ఎక్కువగా పెంచుతారు. ఆ వేళ్లను ముక్కలు కోసి ఎండబెట్టినదే మోడి. కణుపులున్న లావు ముక్క ఏరి, కొస కొరికి, నాలుక మీద అర నిమిషం ఉంచుకుంటుంది. తిమ్మిరెక్కితే తూకం వేయమంటుంది, ఎక్కకపోతే పక్క కొట్టు. మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారు కాబట్టి ఇంటికొచ్చాక కొన్ని గింజలు నీళ్లలో వేసి చూస్తుంది. మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది.

బెల్లం దగ్గర మాత్రం ఆవిడకు ఊరి గర్వం పొంగుకొస్తుంది. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పేరున్నది. అక్కడ దిమ్మలు పొలాల నుంచి వచ్చి వేలానికి వరసకడతాయి. పచ్చగా మిలమిల్లాడే దిమ్మను ఆవిడ కన్నెత్తి చూడదు. రంగు తేలడానికి వండేటప్పుడు హైడ్రోస్, అంటే సోడియం హైడ్రోసల్ఫైట్ చల్లుతారన్నది ఆ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. కాఫీరంగుకు దగ్గరగా, గోరుతో గీస్తే కాస్త మెత్తగా దిగేది కావాలి ఆవిడకు. నాలుక మీద ఉప్పదనం తగిలితే అదీ వద్దు. ధరలు కొట్టుకో తీరుగా ఉంటాయి. మొత్తం దినుసులు, బెల్లం, నెయ్యి కలిపి 150 నుంచి 200 రూపాయల్లో అయిపోతాయి. అందులో మూడో వంతు నెయ్యిదే.

ఇంటికొచ్చిన దినుసుల్లో కడగవలసింది మోడి ఒక్కటే. కణుపుల సందుల్లో కొండమట్టి ఇరుక్కుని ఉంటుంది. నీళ్లలో నానబెట్టకూడదు, సారం దిగిపోతుందంటుంది పెద్దమ్మ. చేతిలో పట్టుకుని ధారకింద బ్రష్‌తో రుద్ది, గుడ్డతో ఒత్తి, రెండు రోజులు ఎండలో పడేస్తుంది. మిగిలినవాటికి ఒక రోజు ఎండ చాలు. సొంఠిని ఎండబెట్టే ముందే రోకటి పోటుతో నాలుగైదు ముక్కలు చేస్తుంది. ముక్కలైతే లోపలి చెమ్మ కూడా పోతుంది. వానాకాలం కాన్పయితే ఎండ కోసం చూడదు. పొయ్యి ఆర్పేశాక వేడిగా ఉన్న ఇనుప పెనం మీద పరిచి, రాత్రంతా అలాగే వదిలేస్తుంది.

వేయించడం మొత్తం ఇరవై నిమిషాల పని. ఆ కాసేపూ ఆవిడ ఎవరితోనూ మాట్లాడదు. ఇనుప మూకుడు, సన్న సెగ. దేనికది విడిగా వేయించాలి, ఎందుకంటే దేని ఓపిక దానిది. ముందు సొంఠి. ఒక చెంచా నెయ్యిలో ఆరేడు నిమిషాలు తిప్పితే ముక్కలు కాస్త ఉబ్బి, అంచులు బంగారు రంగుకు తిరుగుతాయి. తర్వాత మోడి, పిప్పళ్లు, మిరియాలు ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు. మిరియం చిటపటమనేలోపే దించేయాలి, పేలితే ఘాటు పొగలో కలిసిపోతుంది. ధనియాలకు నాలుగు నిమిషాలు, జీలకర్రకు రెండు. వాముకు అసలు మంటే అక్కర్లేదు. పొయ్యి కట్టేసి, వేడి మూకుట్లో వేసి పదిసార్లు కలిపి తీసేస్తుంది. వాము మాడితే మొత్తం కాయం చేదెక్కుతుంది, ఎంత బెల్లం వేసినా దాన్ని దాచలేం. అన్నీ విడివిడిగా పళ్లెంలో ఆరుతుంటాయి. వేడి మీద దంచితే పొడి ముద్దకడుతుంది కాబట్టి గంట ఆగాలి.

అసలు చాకిరీ దంచడంలో ఉంది. పెద్దమ్మ దగ్గర పాత ఇనుప రోలు, దానికి తగిన చిన్న రోకలి ఉన్నాయి. ముందు సొంఠి, మోడి పడతాయి, అవి మొండివి. రోకలి నిలువుగా ఎత్తి అంచులకు తగలకుండా నడిమధ్యన దించుతుంది. పది పోట్లకోసారి గరిటతో అంచులది లోపలికి తోస్తుంది. సొంఠి నలిగేకొద్దీ పీచు విడిపోతుంది. కళ్లలో నీళ్లు తిరిగే ఘాటు లేస్తుంది. అప్పుడు ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుంటుంది. తర్వాత మిగిలిన దినుసులు. అన్నీ కలిశాక జల్లెడ వాడదు. పల్చటి మల్లుగుడ్డను గిన్నె మూతికి బిగించి, పొడి దాని మీద పోసి వేళ్లతో మెల్లగా రాస్తుంది. దీన్ని వస్త్రగాళితం పట్టడం అంటారు. గుడ్డలోంచి దిగినది మాత్రమే మందు. పైన మిగిలిన రవ్వ మళ్లీ రోట్లోకి వెళ్తుంది. రెండోసారి జల్లించాక మిగిలే పీచును పారేయదు, టీ డబ్బాలో వేసుకుంటుంది. 150 గ్రాముల దినుసుకు 125 గ్రాముల పొడి వస్తే ఆవిడకు తృప్తి. గంటన్నర పడుతుంది, భుజం రెండు రోజులు చెబుతుంది. మిక్సీ వాడొచ్చుగా అంటే వాడొచ్చు, నేనైతే వాడతాను. కాకపోతే పది సెకన్లు తిప్పి ఆపాలి, గిన్నె వేడెక్కితే ఆగాలి. గుడ్డ జల్లింపు మాత్రం తప్పదు. పీచు నోటికి తగిలే కాయాన్ని బాలింత మూడో రోజు నుంచి ముట్టదు.

పాకానికి మందపాటి ఇత్తడి గిన్నె. కోరిన బెల్లంలో 60 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, కరగగానే దించి, మట్టి, చెరకు పిప్పి లేకుండా వడగట్టి మళ్లీ పొయ్యెక్కిస్తుంది. మధ్యస్థ సెగ మీద ఎనిమిది, పది నిమిషాలు. మొదట పెద్ద నురగ, తర్వాత చిన్న బుడగలు, ఆ తర్వాత బుడగలు పగలడానికి బద్ధకిస్తాయి. అప్పుడు పళ్లెంలో చల్లటి నీళ్లు పోసుకుని ఒక చుక్క వేస్తుంది. చుక్క కరిగిపోతే ఇంకా టైముంది. వేళ్లతో కూడదీస్తే మెత్తని ఉండగా వచ్చి, వదిలితే నెమ్మదిగా చదునయ్యేదే ఉండపాకం. థర్మామీటరుతో చూస్తే 114 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. చుక్క పళ్లేనికి తగిలి టింగుమంటే చేయి దాటినట్టే. ఆ పాకం వేరుశెనగ అచ్చుకు పనికొస్తుంది. పచ్చి బాలింత పళ్లతో కొరకాల్సిన దానికి పనికిరాదు.

సెగ పూర్తిగా తగ్గించి, ఎడమ చేత్తో పొడి ధారగా వదులుతూ కుడి చేత్తో ఒకే వైపు తిప్పుతుంది. ఇద్దరుంటే సులువు. పొడి ఉండలు కట్టిందా, ఇక విడదీయడం ఎవరి తరమూ కాదు. పొడి అంతా కలిశాక నెయ్యి ఒక్కో చెంచా. ప్రతి చెంచా పూర్తిగా ఇంకాకే రెండోది. ఆరేడు నిమిషాలకు ముద్ద గిన్నె అంచుల్ని వదిలేసి గరిటెను పట్టుకుని తిరుగుతుంది, చివరి నెయ్యి పక్కలకు ఊరి మెరుస్తుంది. ఆ మెరుపే గుర్తు. ఇంకో నిమిషం ఉంచితే రేపటికి రాయి.

చేయి పట్టేంత వేడికి దిగగానే అరచేతికి నెయ్యి రాసుకుని చుట్టడం మొదలుపెడుతుంది. ఉండ 10 గ్రాములు, గోళీకాయంత. మొదటి రెండూ తూకం వేసి చూస్తుంది, తర్వాత చెయ్యే తూకం. మొత్తం నలభై రెండో, నలభై మూడో వస్తాయి. నలభై బాలింతకు, మిగిలినవి చేసినవాళ్ల రుచికి. పూర్తిగా చల్లారాక, ఎండలో ఆరబెట్టిన గాజు సీసాలో పేరుస్తుంది. తడి చెంచా తగలకపోతే రెండు నెలలు బయటే నిలవుంటుంది.

సీసాతో పాటు ఒక చీటీ పెడుతుంది, అందులోని మాటలు నాకు సీసా కన్నా నచ్చుతాయి. రోజూ పొద్దున్నే ఒకే ఒక్క ఉండ. మామూలు కాన్పయితే ఐదో రోజు నుంచి, ఆపరేషనైతే డాక్టరు సరే అన్నాకే. కడుపులో మంట అనిపిస్తే మానేయాలి. ఆస్పత్రి వాళ్లిచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలు 180 రోజులూ వేసుకోవాల్సిందే, కాయం వాటికి బదులు కాదు. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగాలి. బాలింతకు నీళ్లు తగ్గించాలన్న పాత పద్ధతిని పెద్దమ్మ ఎప్పుడో వదిలేసింది. కాయం తింటే పాలు పడతాయని రాయదు. బిడ్డ ఎంత తరచుగా తాగితే పాలు అంత వస్తాయని నర్సమ్మ చెప్పిందే రాస్తుంది. బిడ్డ నోట్లో ఇది చుక్కైనా పెట్టొద్దన్నది చివరి మాట, కింద రెండు గీతలు.

ఈ ఉండ ఆకలి పుట్టించడానికి, కడుపు నింపడానికి కాదు. ఒక్కోదానిలో నలభై యాభై కిలో కేలరీలకు మించి ఉండవు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు అదనంగా 600 కిలో కేలరీలు కావాలంటుంది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ. ఆ లెక్క తెలిసినట్టే పెద్దమ్మ మూట కడుతుంది. నేతిలో చుట్టిన సున్నుండలు పాతిక, వెల్లుల్లి కారం ఒక చిన్న డబ్బా, లీటరు పట్టే స్టీలు ఫ్లాస్కు. రాత్రి రెండింటికి లేచి పాలిచ్చే పిల్ల వేడినీళ్లకు వంటింట్లోకి నడవకూడదని ఫ్లాస్కు. ముందు జిప్పున్న నూలు నైటీలు రెండు, తల్లి మామూలు సైజుకు ఒక సైజు పెద్దవి, రెండుసార్లు ఉతికి మెత్తబరిచినవి. ఫ్లాస్కు, నైటీలకే పద్నాలుగు పదిహేను వందలవుతుంది. మూటలో ఖరీదైనవి అవే, చెమట మాత్రం సీసాది.

ఇవ్వడానికి ఆవిడ బారసాల దాకా ఆగదు. ఆ రోజు ఇంటినిండా జనం, బాలింత పట్టుచీర కట్టుకుని నడుం నొప్పితో కూర్చుని ఉంటుంది. ఐదో రోజుకల్లా ఎవరో ఒకరి చేత పంపుతుంది, లేదా తానే వెళ్తుంది. వెళ్తే బిడ్డను ఎత్తుకుంటానని అడగదు. సింకులో గిన్నెలు తోమి, ఆరిన పొత్తిగుడ్డలు మడతపెట్టి, అరగంటలో వచ్చేస్తుంది.

ఈ మధ్య ఆవిడ పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. నలభై ఉండలూ ఇరవయ్యో రోజుకే అయిపోయాయని రెండు మూడు ఇళ్ల నుంచి ఫోన్లొచ్చాయి. ఆరా తీస్తే బాలింత తిన్నవి పదిహేను, తక్కినవి అల్లుడుగారు, అత్తగారు, చూడ్డానికొచ్చిన వదినా తలా కొన్ని రుచి చూశారు. ఇప్పుడు పెద్దమ్మ సొంఠి సగానికి తగ్గించి, మోడి, పిప్పళ్లు ఎత్తేసి, బెల్లం పెంచి ఇంకో వాయి తీస్తోంది. దానికి పడేది వంద రూపాయలే. ఆ డబ్బా మీద “ఇంట్లోవాళ్లకి” అని, గాజుసీసా మీద బాలింత పేరు రాసి పంపుతోంది.