సముద్రపు క్షిపణి – మన మూసీ

మన నల్లగొండ, పాలమూరు జిల్లాలకు సముద్రం దూరం. అయినా సముద్రపు క్షిపణి ముచ్చట మనకెందుకని అనుకోరాదు.

క్రూయిజ్ క్షిపణి చిన్న విమానం వలె ఇంజను బలంతో పోతుంది. చివరకు నీటిని ఆనుకొని వచ్చి, రాడార్‌కు ఆలస్యంగా చిక్కుతుంది. 2013 మార్చి 20న విశాఖ తీరాన నీటి అడుగు నుంచి ప్రయోగించిన బ్రహ్మోస్ 290 కిలోమీటర్లు పోయింది.

మరి మునిగి ఉన్న జలాంతర్గామికి ఆజ్ఞ అందేదెట్లా? మామూలు రేడియో తరంగాలు ఉప్పునీటిలో లోతుకు పోలేవు. అతి తక్కువ పౌనఃపున్యం గల తరంగాలే కొన్ని మీటర్లు దిగుతాయి. అటువంటి నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగింది.

ఆ దాపునే అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, నల్లగొండ పొలాలు తడిపి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. దేశరక్షణ అవసరమే. ఆ అడవిని, నీటిని కాపాడుకోవడమూ రక్షణే అని నా మనవి.