పులి ఈనిందని ఎవరికీ చెప్పకు

మా అన్నయ్య మనవరాలు వెటర్నరీ కోర్సు ముగించి జూలో డాక్టరుగా చేరింది. "తాతయ్యా, పుస్తకాల్లో దొరకనివి నాలుగు ముక్కలు రాసివ్వండి" అని అడిగింది. నేనూ ఆ కటకటాల వెనకే జుట్టు నెరిసిన డాక్టరునే కాబట్టి రాసిచ్చాను. పత్రికవాళ్లు వేసుకుంటామంటే ఒప్పుకుంది. అంకెలు వేశాను గానీ వాటికి పెద్దా చిన్నా వరస లేదు. ఏది ముందు గుర్తొస్తే అది ముందు రాశాను.

1. పులి ఈనిందని ఎవరికీ చెప్పకు.

పులి చూలు మూడున్నర నెలలు. అందులో చాలా భాగం పొట్ట పైకి కనపడదు. కీపరు "సార్, ఇది బరువుగా నడుస్తోంది" అన్నాడంటే ఇక నీకు పెద్దగా టైము లేదని అర్థం. ఆలోగా నైట్ హౌస్‌లో పక్కపక్కనే రెండు గదులు సిద్ధం చేయించు. ఒకటి చీకటిగా, గడ్డి పరిచి, ఈనడానికి. రెండోది మాంసానికీ నీళ్లకూ. ఈనే గదిలోకి మనిషి అడుగు పెట్టే అవసరమే రాకూడదు. కెమెరా బిగించాలనుకుంటే చూలు తెలిసిన వెంటనే బిగించు. ఈనాక నిచ్చెన వేసుకుని గోడకు మేకులు కొట్టకు.

కూన కిలో బరువుంటుంది, కాస్త అటూ ఇటూ. కళ్లు తెరవడానికి వారం పట్టొచ్చు, రెండు వారాలూ పట్టొచ్చు. ఆ రోజుల్లో తల్లి బెదిరితే కూనను నోట కరుచుకుని గదంతా తిరుగుతుంది. అడవిలో అయితే ఇంకో పొదలోకి మార్చేసేది. ఇక్కడ మార్చడానికి పొద లేదు కాబట్టి ఆ మూల నుంచి ఈ మూలకి, ఈ మూల నుంచి ఆ మూలకి తిప్పుతూనే ఉంటుంది. అలా తిప్పడంలోనే కూన మెడకు గాయమవుతుంది. ఇంకా బెదిరితే పాలివ్వడం మానేస్తుంది, చంపి తినేయడమూ ఉంది. అలాంటిది జరిగితే తల్లిని తిట్టిపోసేవాళ్లు చాలామంది. ఆ రోజు ఆ గది దగ్గరికి ఎంతమంది వచ్చి వెళ్లారో మాత్రం ఎవరూ అడగరు.

అందుకని పై అధికారికి ఫోను చెయ్యి, రిజిస్టరులో రాయి, అక్కడితో ఆపు. ఎన్ని కూనలో, ఆడో మగో ఆ రోజే తెలియనక్కర్లేదు. రోజూ వచ్చే కీపరే రావాలి, రోజూ వేసుకునే యూనిఫారంలోనే రావాలి. ఫొటో కావాలని పేపరువాళ్లు అడిగితే కెమెరాలో పడ్డది ఇవ్వు. పేరు పెట్టే వేడుకకు పెద్దవాళ్లెవరో తొందరపడతారు. టీకాలు పడ్డాక పెట్టుకుందాం సార్ అని నవ్వుతూ చెప్పు. పేరు లేకపోయినా పాలు వంటబడతాయి.

జిరాఫీ సంగతి వేరు. దాని చూలు పదిహేను నెలలు. నిలబడే ఈనుతుంది కాబట్టి దూడ ఐదారడుగుల ఎత్తు నుంచి దబ్బున కింద పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నీకు పరుగెత్తాలనిపిస్తుంది. పరుగెత్తకు. చాలావరకు గంట తిరిగేసరికి అదే తడబడుతూ లేస్తుంది. నీ పని ముందే అయిపోవాలి: నేల జారకుండా ఇసుక మందంగా పోయించడం, దూడ కాలు ఇరుక్కునే సందులేవీ కంచెలో లేకుండా చూసుకోవడం.

2. పుట్టించడం కన్నా పుట్టకుండా ఆపడం కష్టం.

జూలో ఏది పుట్టినా జనానికి సంతోషమే. ఆ సంతోషమే మాకు చాలా ఏళ్లు చిక్కులు తెచ్చిపెట్టింది.

తెల్లపులినే తీసుకో. అది వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులిలో అరుదుగా కనిపించే రంగు మార్పు. 1951లో రీవా అడవుల్లో మోహన్ అనే తెల్ల మగకూన దొరికింది. మామూలు ఆడపులితో కలిపితే అన్నీ మామూలు రంగు కూనలే పుట్టాయి. చివరికి దాని కూతురు రాధతోనే దాన్ని కలిపారు. 1958లో తెల్లకూనలు పుట్టాయి. ప్రపంచంలో ఈనాడు బోనుల్లో ఉన్న తెల్లపులుల్లో చాలా వాటి వంశం ఆ కలయిక దగ్గరికే వెళ్తుంది. మెల్లకన్ను ఆ రంగుతోనే ముడిపడి వచ్చింది. దగ్గరి రక్తం మళ్లీ మళ్లీ కలవడంతో వంకర కాళ్లూ, బలహీనమైన కూనలూ వచ్చాయి. తెల్లపులి దగ్గర జనం ఎక్కువ నిలబడతారు, నిజమే. జనం నిలబడ్డారని జత కట్టిస్తే వైద్యం చేయాల్సింది నువ్వే.

సింహాల కథ ఇంకోలా నడిచింది. ఒకప్పుడు మన సర్కసుల్లో, కొన్ని జూల్లో గిర్ సింహాలనీ ఆఫ్రికా సింహాలనీ కలిపేశారు. పుట్టినవి చూడ్డానికి బాగానే ఉన్నాయి గానీ గిర్ వంశానికి అవి పనికిరావు. 1998లో కేంద్రం సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతులతో ప్రదర్శనలు చేయకూడదంది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కసుల నుంచి విడిపించిన సింహాలు విశాఖ, తిరుపతి జూల పక్కన కట్టిన రెస్క్యూ సెంటర్లకు వచ్చాయి. వాటిని జత కట్టనివ్వకుండా, కడుపునిండా తిండి పెట్టి, ముసలితనం దాకా చూసుకోవడమే అక్కడి పని. "ఎవరికీ చూపించనప్పుడు వీటికింత మాంసం దేనికండీ" అని నన్ను అడిగినవాళ్లున్నారు. మనిషే కల్తీ చేసి, మనిషే ఆడించి, ఇప్పుడు తిండి దండగ అంటే ఎలా? జూ వైద్యంలో నేను గౌరవించే పనుల్లో అది ముందు వరసలో ఉంటుంది.

దుప్పులు కూడా అంతే. వదిలేస్తే మందలు మందలుగా పెరుగుతాయి. మగవాటిని వేరే ఎన్‌క్లోజర్‌కి మార్చే రోజు నీకు శాపనార్థాలు వినిపిస్తాయి. మార్చు.

3. మాంసం పెడితే సరిపోదు, ఎముక పెట్టాలి.

పులికూనకు మెత్తటి మాంసం కొట్టి పెడితే ఆబగా తింటుంది, గుండ్రంగా అవుతుంది, చూసేవాళ్లు మురిసిపోతారు. కొన్ని వారాలకు నడక తేడా వస్తుంది. ఆపైన ఒక గెంతుకే కాలు విరుగుతుంది. వట్టి మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. లోటు పూడ్చుకోవడానికి ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది. అడవిలో తల్లి తెచ్చిన వేటలో ఎముక, తోలు, పేగులు అన్నీ ఉంటాయి. మనం కసాయిచేత శుభ్రం చేయించి ప్రేమగా జబ్బు తెస్తాం. పాలు విడిచే వయసులో ఎముకతో సహా కోడిని ఇవ్వు, లెక్క ప్రకారం కాల్షియం కలుపు.

తల్లి వదిలేసిన కూనకు సీసా పట్టాల్సి వస్తే ఒక్క ఆవుపాలతో నెట్టుకురావాలని చూడకు. పులి పాలలో మాంసకృత్తులూ కొవ్వూ చాలా ఎక్కువ. పాలు పట్టిన ప్రతిసారీ తడిగుడ్డతో పొట్ట కింద, తోక కింద మెల్లగా తుడవాలి. తల్లి నాకితేనే చిన్నకూనకు ఒంటికీ రెంటికీ అవుతుంది. ఆ సంగతి తెలియని చోట పాలు సరిగ్గా పట్టినా పొట్ట ఉబ్బి కూనలు పోతాయి.

సీసా పాలతో పెరిగిన మగ దుప్పితో ఇంకా జాగ్రత్త. చిన్నప్పుడు నీ వెంట తిరుగుతుంది, కొమ్ములొచ్చాక నిన్నూ ఇంకో మగదుప్పి కిందే లెక్కగడుతుంది. మనిషంటే బెదురు లేని మగదుప్పి చిరుత కన్నా ప్రమాదం. వీలైనంత త్వరగా తన జాతి మధ్య వదిలెయ్యి.

4. జంతువు కన్నా ముందు పేడ చూడు.

పొద్దున రౌండుకి వెళ్లగానే ఏం మిగిలిందో చూడు, పేడ చూడు, ఆ తర్వాత జంతువును చూడు. అడవి జంతువు జబ్బును దాస్తుంది. కుంటినట్టు కనపడితే అడవిలో ఎవరో తినేస్తారు, ఆ భయం రక్తంలో ఉంది. పైగా మత్తు సూది గుచ్చేది నువ్వేనని దానికి తెలుసు. నిన్ను చూడగానే లేని హుషారు తెచ్చుకుంటుంది. కీపరుకి మాత్రం అసలు రంగు చూపిస్తుంది. అందుకని కీపరు చెప్పింది వినడం నీ చదువులో భాగం అనుకో. "నిన్న తిన్నట్టు తినలేదు" అన్న మాటకు ఏ ల్యాబ్ రిపోర్టుతోనూ పోటీ పెట్టకు.

2021 వేసవిలో హైదరాబాద్ జూలో ఆసియా సింహాలకు జలుబు లక్షణాలు కనిపించాయి. ముక్కు, గొంతు నుంచి నమూనాలు తీసి సీసీఎంబీ అనే పరిశోధన సంస్థకి పంపితే ఎనిమిదింటికి కోవిడ్ అని తేలింది. మన దేశంలో జంతువుల్లో ఆ జబ్బు బయటపడింది అప్పుడే. అన్నీ కోలుకున్నాయి. మనం మాస్కు పెట్టుకుని, కాళ్లు మందు నీళ్లలో ముంచి లోపలికి వెళ్లేది మన కోసమే కాదని అప్పటికి చాలామందికి తెలిసొచ్చింది.

ఇంకో మాట. సూది అంటే మత్తే గతి అనుకోకు. పులిని కటకటాల పక్కన పడుకోబెట్టి, మాంసం ముక్కలు అందిస్తూ, తోక బయటికి ఇచ్చేలా అలవాటు చేయొచ్చు. తోకలోని నరం నుంచి రక్తం తీసుకోవచ్చు. నెలల ఓపిక కావాలి, అది నీకు లేకపోతే కీపరుకి ఉంటుంది.

5. కొత్త ఎన్‌క్లోజర్‌కి ప్రారంభోత్సవం ఆఖరి పని.

కొత్త జంతువు వస్తే కనీసం నెల రోజులు క్వారంటైన్. పేడ పరీక్ష, రక్తం, పురుగుల మందు. పోస్టరు అచ్చయిపోయిందని ఎవరన్నా తొందరపెడితే ఇంకో వారం పెంచు.

హైదరాబాద్ జూ 1963 అక్టోబరులో తెరిచారు. మీర్ ఆలం చెరువు పక్కన దాదాపు 380 ఎకరాలు. పులీ సింహాలను ఇరుకు బోనుల్లో కాకుండా కందకం అవతల ఆరుబయట చూపించడం ఆనాడు జనానికి వింత. విశాఖ జూ 1977లో కొండల మధ్య 625 ఎకరాల్లో వచ్చింది. అంత చోటున్నా నువ్వు చూడాల్సింది ఎకరాలు కాదు. దాక్కోవడానికి చాటు ఉందా? నైట్ హౌస్‌లోకి రెండు దారులున్నాయా, లేక బలమైనది ఒక్క గుమ్మంలో పడుకుని మిగతావాటిని ఆపేస్తోందా? కీపరుకి రెండు తలుపుల ఏర్పాటు ఉందా, ఒకటి మూస్తేనే రెండోది తెరుచుకునేలా? సాయంత్రం తాళాలు ఎవరు లెక్కపెడుతున్నారు? ఈ ప్రశ్నలు కాంట్రాక్టరు బిల్లు పాసయ్యేలోగా అడగాలి. ఆ తర్వాత అడిగితే నీకు చాదస్తం అంటారు.

"డబ్బులిచ్చి టికెట్ కొన్నాం, జంతువే కనపడలేదు" అని చూడవచ్చినవాళ్లు గొడవ పడతారు. పడనీ. కనపడని హక్కు దానికి లేకపోతే కొలిచినట్టు అదే దారిలో అటూ ఇటూ నడవడం మొదలుపెడుతుంది. ఒకసారి ఆ నడక పట్టుకుంటే మాన్పించడం మహా కష్టం.

6. ఎండాకాలం ఫిబ్రవరిలో మొదలవుతుంది.

తుంగ తడకలు, స్ప్రింక్లర్లు, కూలర్లు ఏప్రిల్‌లో టెండరు పిలిస్తే జూన్‌లో వస్తాయి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

7. జనం ఆగని బోను ముందు ఎక్కువసేపు ఆగు.

నా దృష్టిలో హైదరాబాద్ జూ చేసిన గొప్ప పని పులితోనూ కాదు, ఏనుగుతోనూ కాదు, మూషిక జింకతో. దాదాపు మూడు కిలోల జంతువు. కొమ్ములుండవు, పగలు బయటికి రాదు, వచ్చినా ఎలుకో కుందేలో అనుకుని జనం ముందుకెళ్లిపోతారు. 2010లో అరడజను జంతువులతో దాని సంతానోత్పత్తి కేంద్రం మొదలైంది. కేంద్ర జూ అథారిటీ, సీసీఎంబీ తోడు నిలిచాయి. చూలు దాదాపు ఐదు నెలలు, ఈతకు సాధారణంగా ఒకే పిల్ల. అలా ఒక్కొక్కటిగా పెరిగి కొన్నేళ్లలో రెండు వందలు దాటాయి. అందులోంచి కొన్నిటిని నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. వదలడమంటే పెట్టె మూత తీయడం కాదు. ముందు అడవిలోనే కంచె కట్టి, అక్కడి ఆకూ పండూ అలవాటు చేసి, ఆ తర్వాత కంచె తెరిచారు. జూలో పుట్టినది అడవికి చేరడం నీ సర్వీసులో ఒక్కసారి చూసినా అదృష్టమే.

సీసీఎంబీ వాళ్లదే హైదరాబాద్‌లో అత్తాపూర్ దగ్గర లాకోన్స్ అని ల్యాబ్ ఉంది. 2006లో కృత్రిమ గర్భధారణతో 'స్పాటీ' అనే దుప్పి పిల్ల పుట్టింది అక్కడే. వీలు చూసుకుని వెళ్లి వాళ్లతో పరిచయం పెంచుకో, రేపు అవసరం పడుతుంది. విశాఖ వెళ్తే రేచుకుక్కల కేంద్రం చూడు. మంద కట్టి వేటాడే ఆ జంతువును మనవాళ్లు ఊరకుక్క అనుకుని నవ్వుకుంటూ వెళ్లిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

జంతువుల్ని ఏడాదికి దత్తత తీసుకునే పథకం చాలా జూల్లో ఉంది. వచ్చినవాళ్లు పులినే అడుగుతారు. హైనా వైపు తీసుకెళ్లి రెండు మాటలు చెప్పు. పదిమందిలో ఒకరన్నా ఒప్పుకుంటారు, నా అనుభవం అది.

8. చావుకీ రిజిస్టరు ఉంది.

హైదరాబాద్ జూలో చాణక్య అనే పెద్ద తాబేలు 2024లో పోయింది. దాదాపు 125 ఏళ్లు బతికిందని చెప్పారు. సౌదీ రాకుమారుడు కానుకగా ఇచ్చిన చీతాలు 2013లో వచ్చాయి, ఆడది 2020లో, మగది 2023లో పోయాయి. పులిగానీ చీతాగానీ పోతే మరునాడు పేపర్లో "జూలో మరో మరణం" అని వస్తుంది. జూలో ముసలిదై పోవడం అంటే ఎవరో దాన్ని చివరిదాకా చూసుకున్నారని అర్థం. ఆ సంగతి ఫోనులో గొంతు చించుకుని చెప్పకు, కాగితం మీద చూపించు. పోస్టుమార్టం ఎంత చీకటి పడ్డా పూర్తిగా చెయ్యి, కిడ్నీలు, ఊపిరితిత్తులు, పళ్ల అరుగుదల అన్నీ రాయి. పెద్దపులి అయితే గోళ్లు, తోలు, మీసాలతో సహా సాక్షుల ముందు కాల్పించి, అందరి సంతకాలూ తీసుకో. చిన్న పక్షి పోయినా అంతే శ్రద్ధగా రాయి. రేపు పక్క బోనులో రెండో పక్షి పోతే నీకు దారి చూపించేది ఆ కాగితమే.

కీపరు ఆ రోజు పనిలోకి రాకపోతే గైర్హాజరు వెయ్యకు. మరునాడు వస్తాడు. వచ్చాక ఖాళీ బోను కడగమని అతనికి చెప్పకు, ఇంకొకరిని పంపు.

మిగతావి సోమవారం ఇంటికి వస్తే చెప్తాను. జూకి సెలవు కదా అని పొద్దున్నే బయల్దేరకు, సందర్శకులు లేని రోజు జంతువులు ఎలా ఉంటాయో ముందు ఒక రౌండు చూసి, సాయంత్రం రా.