బడి పుట్టినరోజు

చిరంజీవి చిన్నోడికి,

గిద్దలూరు నుంచి పెద్దమ్మ దీవించి రాసేది. నీ దగ్గు తగ్గిందా? మిరియాల పాలు తాగమన్నాను, తాగావో లేదో రాయలేదు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతోనే సరిపోయింది. బడి చరిత్ర రాసే పని ఫాదరు గారు నీకు అప్పగించారంటే, మీ అమ్మ ఉంటే ఊరంతా తిరిగి చెప్పుకునేది. రెండోసారి చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. "పాత గది పడగొడుతున్నాం, అందులోని రిజిస్టర్లన్నీ ప్రస్తుతానికి రేకుల షెడ్డులో వేయించాం" అని రాశావు. వేయించాం అంట. పొయ్యికట్టెలు వేయించినట్టు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు నాయనా.

ఆ షెడ్డు నేల మట్టిదా, గచ్చుదా? మట్టిదైతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అక్కడికి వెళ్లు. మన నేలలో చెద ఎంత త్వరగా లేస్తుందో నీకు తెలియదు. మా పెళ్లినాటి పెట్టె అడుగున చీర మడత ఒక్క వానాకాలంలో పొడి అయిపోయింది, పైమడత మాత్రం కొత్తగానే ఉంది. కాగితం కూడా అంతే. పైకి అట్ట బాగుంటుంది, తెరిస్తే మధ్యలో మన్ను. మార్కాపురంలో పుట్టి పలకబండకు కరువా? నాలుగు నల్లబండలు తెప్పించి, ఇటుకల మీద పరిచి, గోడకు జానెడు ఎడంగా పెట్టి, వాటి మీద పేర్చు. గోడకు ఆనించవద్దు, చెద గోడ పట్టుకునే ఎక్కుతుంది. ఎండు వేపాకు పెట్టు. ఎండలో ఆరబెట్టవద్దు, పాత సిరా ఎగిరిపోతుంది.

ఇక రెండో సంగతి. పండగ ఘనంగా జరగాలంటే బడికి వందేళ్లు నిండినట్టు చూపించాలనీ, పాత గుడి విచారణలో ఉపదేశి పిల్లలకు జపాలు నేర్పిన రోజునే బడి మొదలైన రోజుగా పెట్టుకుంటే సరిపోతుందనీ రాశావు. విశాఖపట్నం సెయింట్ అలోషియస్ 1847 నాటిదనీ, హైదరాబాదు ఆల్ సెయింట్స్ 1855 నాటిదనీ, మనమే వెనకబడ్డామనీ కూడా రాశావు. వాటి వయసు వాటిది చిన్నోడా. విశాఖపట్నం కంపెనీ కాలం నుంచి ఓడరేవు, దొరల పిల్లలూ సిపాయిల పిల్లలూ ఉన్న ఊరు. యూరపులోని సవాయ్ దేశం నుంచి 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ స్వాములు అక్కడ దిగారు, మరుసటి ఏటికే బడి లేచింది. హైదరాబాదు పక్కన సికింద్రాబాదు కంటోన్మెంటు ఉండనే ఉంది. 1854లో చార్లెస్ వుడ్ పంపిన తాఖీదుతో ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి వచ్చింది. డబ్బూ జనమూ ఉన్నచోట బడులు అట్లా లేచాయి. మనవైపు ఏముంది? నల్లమల, బండనేల, కరువు.

మనవైపు చదువు కథ కరువుతోనే మొదలవుతుంది. 1876లో మొదలైన ధాత కరువు గురించి మా నాయనమ్మ వాళ్ల అత్తగారు చెబుతుంటే విన్నదంట, ఆమె నాకు చెప్పింది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు పట్టి మన జనానికి కూలి ఇప్పించాడు. కరువు చివర 1878 జూలై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. కంభం చెరువు నింపే గుండ్లకమ్మే అది. క్లౌ దొర వాళ్లు బాప్టిస్టులు. వాళ్ల తర్వాత ఊళ్లలో చిన్న చిన్న బడులు పుట్టాయి, మా తాత ఓనమాలు దిద్దింది అట్లాంటి బడిలోనే. నువ్వు రాసే చరిత్రలో వాళ్ల ప్రస్తావన ఉండాలి. క్యాథలిక్ బడి చరిత్ర కదా అని వదిలేస్తే మా తాత చదువు ఎక్కడ పోతుంది?

మన క్యాథలిక్కుల వరస వేరు. మిల్‌హిల్ సభ స్వాములు 1875లో మద్రాసు వచ్చి తెలుగుదేశం పని పట్టుకున్నారు. నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది, మొదటి పీఠాధిపతి విలియం బౌటర్ మిల్‌హిల్ వాడే. బడి అంటే ముందు గుడి పక్కన వేపచెట్టు, తర్వాత కొట్టం, తర్వాత పెంకుటిల్లు. మధ్యలో ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి గుర్తింపు ఇచ్చిన రోజొకటి. హైస్కూలు అయిన రోజు మరొకటి. మూడూ నిజమైన రోజులే. దేని పేరు దానికి పెట్టి మూడూ రాయి. వేపచెట్టు కింద జపం నేర్పిన రోజును హైస్కూలు పుట్టిన రోజని మాత్రం రాయకు.

నేను నలభై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పినదాన్ని. పుట్టినరోజుల సంగతి నాకు తెలుసు. తండ్రి వచ్చి "పెద్దవాన పడ్డ ఏడు పుట్టాడమ్మా" అంటాడు, హెడ్‌మాస్టరు వేళ్లమీద లెక్కగట్టి జూలై 1 అని వేసేస్తాడు. మనవైపు ఏ పాత రిజిస్టరు తెరిచినా సగం ఊరు జూలై 1న పుట్టినవాళ్లే. మీ నాన్న కూడా అంతే. కోతల కాలంలో పుట్టినవాడికి జూలై రాశారు, ఉద్యోగం చివర ఆరునెలల సర్వీసు పోయింది. ఆయన ఎన్నాళ్లు బాధపడ్డాడో నువ్వు చూశావు. ఏ పిల్లవాడికీ చేయకూడని పని బడికి నువ్వు చేస్తావా?

ఇంత కఠినంగా రాస్తున్నానని బాధపడకు. అన్నం వేళకు తింటున్నావా? హాస్టలు పిల్లలతో కలిసి తింటున్నానని రాశావు, ఆ మాటకు నా కడుపు నిండింది.

హాస్టలు అంటే గుర్తొచ్చింది. మా నాయన మీ బడి హాస్టలు వంటశాలలో వంటవాడిగా ఉన్నప్పుడు తెల్లారుజామున మూడింటికి లేచేవాడు. రాగిసంకటి కెలకడానికి తెడ్డు నాకంటే పొడుగుండేది. కొన్నాళ్లు అమెరికా గోధుమ నూకా పాలపొడీ బస్తాల్లో వచ్చేవి. పిల్లలు ఆ ఉప్మా రుచికి మొదట ముఖం తిప్పుకునేవాళ్లు. నాయన గోంగూర పచ్చడి కలిపి పెట్టి అలవాటు చేశాడు. నీళ్లు మాత్రం ఏ బస్తాలోనూ రాలేదు. ఎండాకాలం బావి అడుగు కనిపించేది, పెద్ద తరగతుల పిల్లలు సాయంత్రం కావళ్లతో మోసేవాళ్లు. మాఘమాసం వెళ్లేసరికి తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు కూలికి పోయేవాళ్లు. పిల్లలు హాస్టల్లో ఉంటే కనీసం ఒక నోటికి దిగులుండదని వాళ్ల ఆలోచన. ఆ వలసలే లేకపోతే మన బడిలో హాస్టలు అంత పెద్దది అయ్యేది కాదు, హాస్టలు లేకపోతే పదో తరగతి దాకా పిల్లలు నిలిచేవాళ్లూ కాదు. ఈ మాట నీ పుస్తకంలో రాయి. బడి పెరిగింది స్వాముల ప్రార్థనతోనూ, సర్కారు గ్రాంటుతోనూ, ఆ సంకటితోనూ.

అప్పుడది మగపిల్లల బడి. నేను వంటశాల గడప మీద కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ ఎనిమిదో తరగతి పద్యాలు వినేదాన్ని. తెలుగు మాస్టారు గొంతు కిటికీ దాటి వచ్చేది. నా పేరు ఆ రిజిస్టర్లలో ఉండదు. తర్వాత సిస్టర్ల దగ్గర చదువుకున్నాను, అది వేరే కథ.

రిజిస్టర్లు ఎట్లా చదవాలో చెబుతాను, విను. తారీకు వెతికి మూసేయకు. ముందు పేర్లు చూడు. మొదటి పేజీల్లో ఇన్నాసయ్య, శౌరయ్య, చిన్నప్ప, మరియదాసు లాంటి మన పేర్లే వరసగా ఉంటాయి. కొన్ని పేజీలయ్యాక యోహాను, పేతురు వస్తారు. అంటే బాప్టిస్టు కుటుంబాలు పిల్లల్ని మన బడికి పంపడం మొదలెట్టాయన్నమాట. తర్వాత చెన్నకేశవులు, కాశయ్య, మస్తాన్‌వలి. అప్పటికి అది ఊరందరి బడి. ఏ పేజీలో మారిందో చూసి ఆ సంవత్సరం రాసుకో, నీ పండగ వందేళ్ల కంటే నాకు ఆ సంవత్సరం పెద్దది.

తండ్రి వృత్తి గడి చూడు. కూలి, కూలి, కూలి అని పేజీలు నిండిపోతాయి. నడుమ పలకల పని, రైల్వే గ్యాంగ్‌మన్. అప్పటి మన గుంటూరు, నంద్యాల మీటర్‌గేజీ లైను కంభం, తర్లుపాడు పిల్లల్ని ఎట్లా తెచ్చిందో అక్కడ తెలుస్తుంది. కొన్నేళ్లకు అదే ఇంటిపేరు మళ్లీ వస్తుంది, ఈసారి తండ్రి వృత్తి టీచరు అని. అట్లాంటివి ఎన్ని కనిపిస్తే అన్నీ లెక్కపెట్టు.

పేజీ తలమీద జిల్లా పేరు చూశావా? మొదట మనం కర్నూలు జిల్లా వాళ్లం. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికే ప్రకాశం అని పేరు మారింది. అచ్చు వేసిన పాత రిజిస్టరు పారేయలేక గుమాస్తా ఎర్రసిరాతో కొట్టి కొట్టి మూడు పేర్లు రాశాడు. ఆ పేజీ పుస్తకంలో వేయించు.

కులం గడి మాత్రం అచ్చువేయకు. నీకే చెబుతున్నా. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం పుచ్చుకున్న మాలమాదిగలకు ఎస్సీ హోదా లేదు, మన రాష్ట్రంలో వాళ్లను బి.సి.-సి కింద పెట్టారు. అందుకని ఒకే తల్లి పిల్లలు, అన్నకు ఒక పేరూ ఒక మతం, తమ్ముడికి ఇంకో పేరూ ఇంకో మతం ఉంటాయి. ఇంట్లో పిలిచే పేరు వేరు, బడిలో పలికే పేరు వేరు. స్కాలర్‌షిప్పు కోసం ఆ తల్లిదండ్రులు ఎంత నలిగారో ఆ రెండు వరసల్లో ఉంది. చదివి నీ గుండెలో పెట్టుకో, వాళ్ల మనవళ్లు ఈరోజు నీ ఎదురుగా బెంచీల మీద కూర్చుని ఉన్నారు.

ఇంక అసలు మాట. దీన్ని రాయనా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ప్రతి వరస చివర తండ్రి లేక సంరక్షకుని సంతకం అని ఉంటుంది కదా. వలసపోయిన వాళ్ల పిల్లలకు, తల్లీతండ్రీ లేని పిల్లలకు ఆ గడిలో ఎవరు నిశాని వేశారనుకున్నావు? మా నాయన. జూన్ నెలలో ఆఫీసు వాళ్లు పిలిస్తే, పిండి చేతులు తువ్వాలుకు తుడుచుకుని వెళ్లి బొటనవేలు నొక్కి వచ్చేవాడు. ఎంతమందికని అడిగితే "పొయ్యి దగ్గర తినేవాళ్లందరికీ" అనేవాడు. ఎడమ బొటనవేలి మీద కత్తిపీట కోసిన గాటు ఉండేది, అడ్డంగా. ఆ నిశానీలో మధ్యన తెల్లగీత కనిపిస్తుంది. నీకు కనిపించేది అదే. మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి లేదు, నీకు తెలుసు. ఆ రిజిస్టర్లలో ఆయన ఎన్నో పేజీల్లో ఉన్నాడు.

అందుకే అంత గోల చేశాను నాయనా. షెడ్డు అన్నావు కాబట్టి.

ఎయిడెడ్ బడుల్ని సర్కారుకు అప్పగించమని 2021లో మాట వచ్చినప్పుడు మీరంతా ఎంత హడలిపోయారో గుర్తుందా. అప్పుడు కూడా ఆ కాగితాలే అడిగారు. రిటైరైన మాస్టర్ల ఖాళీలు నిండక నువ్వు రెండు సబ్జెక్టులు చెబుతున్నావని తెలుసు, ఈ పని పైన పడిందనీ తెలుసు. ఒక్కడివే మోయకు. తొమ్మిదో తరగతి పిల్లల్లో రాత బాగున్నవాళ్లను నలుగుర్ని పిలిచి ఒక్కో పేజీ ఫోనుతో తీయించు, రెండు చోట్ల దాచు. చేతులు కడుక్కుని ముట్టుకోమను.

ఆ తెల్లగీత దొరికితే ఫోటో పంపవద్దు. ఫోను తెరమీద నా కళ్లకు ఆనదు. నేనే వస్తాను. మార్కాపూర్ రోడ్డు స్టేషనుకు నువ్వు రావద్దు, క్లాసు పోతుంది, ఎవరైనా పిల్లవాణ్ణి పంపు చాలు. గోంగూర పచ్చడి సీసా తెస్తాను, హాస్టలు పిల్లలకు కూడా సరిపోయేంత. బండలు మాత్రం రేపే తెప్పించు.

దీవెనలతో,
పెద్దమ్మ