అద్దం పగలగొడితే కేసవుతుందా?

ఎండలో ఆగి ఉన్న కారులో పసిబిడ్డ ఒంటరిగా కనిపిస్తే చాలామంది ముందు ఓనరు కోసం వెతుకుతారు. అద్దం పగలగొడితే గొడవవుతుందని, కేసు పెడతారని భయం. ఆ భయం అక్కర్లేదు. మనిషికి రాబోయే హానిని తప్పించడానికి, దురుద్దేశం లేకుండా సద్భావంతో చేసిన పని నేరం కాదని భారతీయ న్యాయ సంహిత 19వ సెక్షన్ చెబుతోంది. నష్టం జరుగుతుందని తెలిసి చేసినా సరే.

చట్టం దృష్టిలో సద్భావం అంటే తగిన జాగ్రత్త తీసుకోవడం కూడా. అందుకని తలుపులన్నీ లాగి చూడండి. 112కు ఫోన్ చేయండి. పక్కనున్నవారిని సాక్షులుగా పిలిచి వీడియో తీయమనండి. పిలిచినా బిడ్డ పలకకపోతే మాత్రం వీటికోసం ఆగవద్దు. బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూలన గట్టిగా కొట్టండి. ముందు అద్దం జోలికి పోకండి, అది పగిలినా ఊడిరాదు. బిడ్డను నీడకు చేర్చి, బట్టలు తీసేసి, ఒళ్లంతా తడిపి గాలి విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. 108ని పిలవండి.

తొందర ఎందుకంటే, మూసిన కారులో గంట తిరిగేసరికి వేడి బయటికంటే సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దం కాస్త దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. పైగా పసివాళ్ల ఒళ్లు పెద్దవాళ్లకంటే చాలా త్వరగా వేడెక్కుతుంది.

ఇక వదిలి వెళ్లినవారి సంగతి. మన దేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు, ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఉన్న చట్టాల్లో, తమ సంరక్షణలోని బిడ్డను తెలిసీ నిర్లక్ష్యం చేసి బాధకు గురిచేస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, జరిమానా. కావాలని చేయలేదన్నంత మాత్రాన ఈ రెండో సెక్షన్ వదలదు.

అయితే 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో కారులో చిక్కుకుని చనిపోయిన నలుగురు పిల్లలను ఎవరూ అందులో వదిలి వెళ్లలేదు. ఆడుకుంటూ వాళ్లే ఎక్కారు, తలుపులు పడిపోయాయి. ఇంటి ముందు ఆపినా కారుకు తాళం వేయండి, తాళంచెవి పిల్లలకు అందనివ్వకండి. బిడ్డ కనిపించకపోతే ముందుగా చుట్టుపక్కల కార్లు, డిక్కీలతో సహా వెతకండి. చైల్డ్ లాక్ ఉంటే వెనక తలుపులు లోపలినుంచి తెరుచుకోవు. అందుకని, లోపల చిక్కుకుంటే ముందు సీటులోకి దూకి హారన్ కొడుతూనే ఉండాలని పిల్లలకు చెప్పి, ఒకసారి కారులో కూర్చోబెట్టి చేయించండి.