ఎముక ఎండుకఱ్ఱ కాదు

ఎముక యనగానే ఎండుకఱ్ఱ వంటిదని మనము తలంతుము. కాని ఎముక సజీవమైనది. దానిలో రక్తము ప్రవహించుచుండును. పాత భాగము కరగుచు, క్రొత్తది పుట్టుచుండును. విరిగిన చేయి అతుకుకొనుట ఇందువలననే.

తల్లి గర్భమున శిశువు ఎముకలు చాలవరకు మొదట మెత్తని మృదులాస్థిగా నుండును. మన చెవి డొప్పను వంచి చూచినచో అది యెట్టిదో తెలియును. క్రమముగా కాల్షియము, భాస్వరము చేరి అది గట్టిపడును. పుట్టిన బిడ్డకు సుమారు 300 ఎముకలుండును. ఎదిగిన కొలది కొన్ని కలిసిపోయి, పెద్దలలో 206 మిగులును.

రెండు ఎముకలు కలియు చోటు కీలు. మోకాలు తలుపు బందువలె ముడుచుకొని చాచుకొనును. భుజములో ఎముక గుండ్రని తల గుంటలో తిరుగును గనుక చేయి అన్ని వైపులకు ఆడును. ఇట్టి కీళ్లలో ఎముకల కొనలపై నున్నని మృదులాస్థియు, నడుమ బండి యిరుసునకు కందెనవలె జిగట ద్రవమును కలవు. అందుచేత అవి ఒరసికొనవు.

సజీవమైనది గనుకనే ఎముక మనము ఇచ్చిన మంచిని, చెడ్డను గూడ గ్రహించును. మన నర్సీపట్నము ప్రాంతపు చోడి అంబలి తక్కువది కాదు. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. బియ్యములో అది చాల స్వల్పము. ఆ కాల్షియము ఒంటబట్టుటకు డి విటమిను కావలెను. ఎండ తగిలినప్పుడు మన చర్మమే దానిని తయారు చేయును. ఇవి కొరవడిన పిల్లల కాళ్లు వంకరపోవచ్చును.

ఇక చెడ్డ మాట. 1937లో షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలలోని ఒక వ్యాధిని గూర్చి ప్రకటించిరి. ఫ్లోరైడు హెచ్చుగానున్న బావినీరు ఏండ్ల తరబడి త్రాగినవారికి వెన్నును కీళ్లును బిగిసిపోయెను. నల్లగొండ జిల్లాలోను ఈ బాధ వేలమందిని కృంగదీసినది. ఫ్లోరైడు ఎముకలో చేరి, కీళ్లను కట్టియుంచు నరములవంటి బంధనములను సైతము గట్టిపరచును. అట్లు బిగిసిన కీలును మరల మునుపటివలె చేయు మందు లేదు.

గావున క్రొత్త బోరు వేసినప్పుడు నీటిని పరీక్ష చేయింతము. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. కాచినంత మాత్రమున అది పోదు. రుచిని బట్టియు తెలియదు. బిడ్డ ఎముక నేడు త్రాగిన నీటితోనే రేపటికి కట్టబడుచున్నదని మరువకుందము.