పట్టా నుంచి పాఠశాల దాకా: ఉపాధ్యాయ ఉద్యోగ దరఖాస్తుకు మన చేయూత



ధార్మిక సంస్థల ద్వారా దాతలు అందించే విద్యా సహాయంలో ఎక్కువ భాగం ఫీజులకు, పుస్తకాలకు ఖర్చవుతుంది. పేదింటి బిడ్డ బి.ఇడి. పూర్తి చేయగానే మన పని ముగిసిందనుకుంటాం. కానీ పట్టాకూ ఉద్యోగానికీ మధ్య దరఖాస్తు అనే మెట్టు ఒకటుంది. చదువు ఉండీ ఈ మెట్టు దగ్గర ఆగిపోయేవారు మనలో చాలామంది. దీన్ని దాటించడానికి పెద్ద మొత్తాలు అక్కర్లేదు. ఏ సమయంలో ఏం కావాలో తెలిసి సాయం చేస్తే చాలు.

బోధన పట్ల ఇస్లాంకు ఉన్న గౌరవం మనకు తెలియనిది కాదు. బద్ర్ యుద్ధ ఖైదీలలో అక్షర జ్ఞానం ఉన్నవారు పది మంది పిల్లలకు చదవడం, రాయడం నేర్పితే అదే విడుదల పరిహారంగా అంగీకరించినట్లు సీరత్ గ్రంథాలు చెబుతాయి. అలాంటి ఉమ్మత్‌లో ఊరి బడికి ఒక టీచరును తయారు చేయడం చిన్న పుణ్యం కాదు.

ఏ కోర్సు, ఏ పోస్టు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడి ఉపాధ్యాయులను డీఎస్సీ ద్వారా ఎంపిక చేస్తారు. ఒకటి నుంచి ఐదు తరగతులకు బోధించేవారు సెకండరీ గ్రేడ్ టీచర్లు, అంటే ఎస్జీటీలు. పై తరగతులకు సబ్జెక్టులు చెప్పేవారు స్కూల్ అసిస్టెంట్లు. ఎస్జీటీకి ఇంటర్ తర్వాత రెండేళ్ల డి.ఎల్.ఇడి., స్కూల్ అసిస్టెంట్‌కు డిగ్రీ తర్వాత బి.ఇడి. ఉండాలి.

బి.ఇడి. చేస్తే రెండు పోస్టులకూ పనికొస్తుందన్న నమ్మకం ఇప్పటికీ ఇళ్లలో వినిపిస్తుంది. ప్రాథమిక తరగతుల పోస్టుకు బి.ఇడి. అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పింది. అందుకే ఫీజు కట్టే దాత ముందుగా అడగాల్సింది కాలేజీ పేరు కాదు, "ఏ పోస్టు కోసం చదువుతున్నావమ్మా?" అని. చిన్న పిల్లలకు చెప్పాలనుకునే అమ్మాయిని ఇంటర్ కాగానే డి.ఎల్.ఇడి. వైపు నడిపిస్తే కాలమూ డబ్బూ కలిసొస్తాయి.

టెట్ మార్కుల లెక్క

డీఎస్సీ రాయాలంటే ముందు టెట్‌లో అర్హత సాధించాలి. పరీక్ష 150 మార్కులకు ఉంటుంది. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50 శాతం రావాలి. 2021లో తీసుకున్న నిర్ణయం ప్రకారం టెట్ అర్హత జీవితకాలం చెల్లుతుంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. వెయిటేజీ సంగతే సరిగా పట్టించుకోరు.

ఎంపిక జాబితాలో డీఎస్సీ పరీక్షకు 80, టెట్‌కు 20 మార్కులు. టెట్‌లో 75 వచ్చిన బీసీ అభ్యర్థి పాసైనట్టే, కానీ జాబితాలో చేరేది 10 మార్కులే. అదే 120 తెచ్చుకుంటే 16 మార్కులు. ఎస్జీటీ పరీక్షలో ఒక్కో ప్రశ్నకు అర మార్కు. అంటే ఈ 6 మార్కుల తేడాను పూడ్చుకోవడానికి డీఎస్సీలో మరో 12 ప్రశ్నలకు సరైన సమాధానాలు రాయాలి. దశాంశ మార్కుల దగ్గర ఉద్యోగాలు చేజారే పోటీ ఇది. కాబట్టి పాసైనవారిని కూడా మళ్లీ టెట్ రాయించాలి. "ఒకసారి పాసయ్యావుగా, మళ్లీ ఫీజు ఎందుకు?" అని ఇంట్లో అడిగినప్పుడు ఆ ఫీజు కట్టేవారు ఒకరు కావాలి.

కాగితాలు ముందే సిద్ధం కావాలి

2018 నోటిఫికేషన్ నియామకాల తర్వాత మళ్లీ పెద్ద ఎత్తున నియామకాలు జరిగింది 2025 మెగా డీఎస్సీతోనే. 16,347 పోస్టులకు ప్రకటన ఏప్రిల్ 20న వచ్చింది, దరఖాస్తు గడువు మే 15న ముగిసింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన అవకాశానికి ఉన్న వ్యవధి నాలుగు వారాల లోపే. ఆ రోజుల్లో కాగితాల కోసం పరుగెత్తితే ఇక చదివేదెప్పుడు?

మన పిల్లలకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కులు ఇవి.

మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు "షేక్" అని పూర్తిగా ఉంటుంది, డిగ్రీ పట్టాలో "ఎస్.కె." అని పొడి అక్షరాలు, ఆధార్‌లో పేరు చివర "బేగం" చేరుతుంది. పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు వస్తుంది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా ముందే మార్పించుకోవాలి.

రెండోది కుల ధ్రువపత్రం. ముస్లింలందరూ బీసీ-ఇ కాదు. షేక్ తదితర వర్గాలకు 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్ ఉంది. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు ఓసీ కిందికి వస్తారు, ఆదాయ పరిమితికి లోబడి ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం తీసుకోవచ్చు.

మూడోది స్థానికత. సాధారణంగా నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మధ్యలో ఒకటి రెండేళ్లు మదరసాలో హిఫ్జ్ చేసినవారికి, తండ్రి పని కోసం ఊళ్లు మారినవారికి ఇక్కడే ఇబ్బంది. బడికి వెళ్లని ఏళ్లకు తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చి ఉంచుకోవాలి.

నాలుగోది, అన్నిటికంటే బాధాకరమైనది, అసలు సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోవడం. ఫీజు బకాయి తీరలేదని ఇవ్వరు. బిడ్డ చేతిలో జిరాక్సులు మాత్రమే ఉంటాయి. ర్యాంకు వచ్చినా సర్టిఫికెట్ల పరిశీలన రోజున చూపించడానికి ఒరిజినల్ ఉండదు. మూడేళ్ల ఫీజుకు సాయం చేసిన మనం చివరి కొద్దిపాటి బకాయి దగ్గర చేయి వెనక్కి తీసుకుంటే ఆ మూడేళ్ల సాయమూ బీరువాలోనే ఉన్నట్టు లెక్క.

ఊళ్లోని ప్రైవేటు బడి

డీఎస్సీ వచ్చేదాకా ఖాళీగా ఉండనక్కర్లేదు. ఊళ్లోని ప్రైవేటు బడికి జూన్‌కు ముందే వెళ్లి దరఖాస్తు ఇవ్వాలి. ఒక్క పేజీ చాలు: చదువు, బోధించగల సబ్జెక్టులు, తెలిసిన భాషలు, టెట్ మార్కులు. డెమో క్లాసుకు ఒక చిన్న పాఠం ఎంచుకుని, పిల్లల చేత మాట్లాడించేలా సిద్ధం కావాలి. యాజమాన్యం చూసేది మన పాండిత్యం కాదు, తరగతి మన చేతిలో నిలుస్తుందా లేదా అని. తెలుగు, ఉర్దూ రెండూ వచ్చిన టీచరు తల్లులతో వారి భాషలో మాట్లాడగలదు. దరఖాస్తులో ఆ మాట తప్పక రాయాలి.

ఒక్క జాగ్రత్త. చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించాలి, నకళ్లు ఇవ్వాలి. ఒరిజినల్స్ మాత్రం అప్పగించకూడదు. విద్యా సంవత్సరం మధ్యలో నోటిఫికేషన్ వస్తే వాటిని వెనక్కి తెచ్చుకోవడం ఒక పోరాటమవుతుంది.

దాతలకు మా మనవి

ఈ ఏడాది విద్యా సహాయంలో కొంత భాగాన్ని నాలుగు పనులకు కేటాయించమని కోరుతున్నాం. ఒకటి, కాలేజీ బకాయి కట్టి సర్టిఫికెట్లు విడిపించడం. రెండు, టెట్, డీఎస్సీ దరఖాస్తు ఫీజులు. మూడు, పరీక్షా కేంద్రం వేరే పట్టణంలో పడినప్పుడు అమ్మాయికీ, తోడు వెళ్లే తండ్రికో అన్నకో ప్రయాణ ఖర్చు. నాలుగు, కంప్యూటర్లున్న చదువు గది. పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతోంది. మౌస్ పట్టుకోవడం పరీక్ష రోజునే నేర్చుకునే పరిస్థితి రాకూడదు. ఆ గదిలో మహిళలకు ప్రత్యేక వేళలు ఉండాలి.

అర్హులైన పేద అభ్యర్థి చేతికే అందే మొత్తాన్ని జకాత్ నుంచి, గది, కంప్యూటర్ల వంటి ఖర్చును ఇతర విరాళాల నుంచి పెట్టడం మేలు. ఈ విషయంలో ఉలమాల సలహా తీసుకుని లెక్కలు వేరుగా రాయాలి. వీలైతే మన మధ్య ఉన్న రిటైర్డు ఉపాధ్యాయులు వారానికి ఒక పూట కూర్చుని పిల్లల కాగితాలు సరిచూడాలి. దీనికి రూపాయి ఖర్చు లేదు.

చివరగా ఒక లెక్క. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఉపాధ్యాయుల పదవీ విరమణ వయసు 62. ఇరవై నాలుగేళ్లకు ఉద్యోగంలో చేరిన అమ్మాయి 38 ఏళ్లు పాఠం చెబుతుంది. ఏటా ముప్పై మంది కొత్త పిల్లలు ఆమె తరగతికి వచ్చారనుకున్నా వెయ్యి మందికి పైగా అవుతారు. వారిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. బకాయి కట్టి విడిపించిన ఒక్క సర్టిఫికెట్ ఇంతమందికి అక్షరం అందిస్తుందంటే, సదఖయె జారియాకు ఇంతకన్నా తేలికైన దారి మాకు కనిపించడం లేదు.

అల్లాహ్ మన దానాలను స్వీకరించి, మన బిడ్డల చదువును పదిమందికి వెలుగుగా మార్చుగాక. ఆమీన్.