కొండ దిగి హార్బర్ చూసొద్దాం: అరకు ఇల్లాళ్లకి చిట్కాలు

సెలవు దొరికితే విశాఖ వాళ్లంతా మన అరకు ఎక్కేస్తారు. మనం మాత్రం ఆసుపత్రికో, కాగితాల పనికో దిగి, అట్నుంచి అటే వెనక్కి వచ్చేస్తాం. వన్‌టౌన్, హార్బర్, బీచ్‌రోడ్డు ఇంటిల్లిపాదీ తీరిగ్గా చూడాల్సిన చోట్లు. డబ్బూ ఓపికా రెండూ మిగిలేలా నేను పాటించే పద్ధతులు చెబుతా, రాసిపెట్టుకోండి.

1. సోమవారం మాత్రం పెట్టుకోకండి. ఆ రోజు సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు, పిల్లల ఏడుపు మీకు మిగులుతుంది.

2. వెళ్లేటప్పుడు మధ్యాహ్నం మన స్టేషన్‌కి వచ్చే కిరండోల్ రైలెక్కండి, రాత్రికల్లా విశాఖలో ఉంటారు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో వాంతులు చేసుకునే పిల్లలున్న ఇంటికి ఇంతకన్నా సుఖం లేదు, ఛార్జీ కూడా తక్కువే.

3. రైల్లో పిల్లల చేతికి ఫోను ఇవ్వకండి, ఎదురొచ్చే గూడ్సు బండ్ల పెట్టెలు లెక్కపెట్టమనండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికే 1960ల్లో ఈ లైను వేశారని చెప్పండి. మర్నాడు ఓడలు చూసినప్పుడు ‘మన ఊరి మీదుగా వచ్చిందే కదా’ అని వాళ్లే అంటారు.

4. కింద ఉక్కపోత ఎక్కువ, నూలు బట్టలే సర్దండి. స్వెట్టర్లు మాత్రం బ్యాగులో అన్నిటికన్నా పైన ఉంచండి, తిరిగొచ్చేటప్పుడు కొండెక్కుతుంటేనే చలి మొదలవుతుంది.

5. చోడి అంబలిలో మజ్జిగ కలిపి, కాస్త ఉప్పేసి స్టీలు సీసాలో పోసుకోండి. పొద్దుటి తిరుగుడంతా దాంతోనే గడిచిపోతుంది, కూల్‌డ్రింకుల ఖర్చు ఉండదు.

6. చుట్టాలింట్లో దిగుతుంటే స్వీట్ల డబ్బా కొనకండి. మన రాజ్మా, పసుపు, మిరియాలు తలా కాస్త పొట్లాలు కట్టి తీసుకెళ్లండి. మనకి చవక, వాళ్లకి అపురూపం.

7. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్‌లో ఉండండి. బోట్లు దిగడం, వేలంపాట, గంపలెత్తుకుని ఆడవాళ్ల పరుగులు, అన్నీ ఆ వేళప్పుడే. కింద తడిగా జారుడుగా ఉంటుంది కాబట్టి పాత రబ్బరు చెప్పులేసుకుని, చీర కాస్త ఎత్తి దోపుకోండి.

8. చేప కొనేముందు మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను తేటగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు. వంజరమైనా చందువైనా ఇదే పరీక్ష, అమ్మేవాళ్లు ఏమీ అనుకోరు.

9. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ మరబోట్లకి వేట నిషేధం. చేపల కోసమే వెళ్లేవాళ్లు ఆ రెండు నెలలూ ఆగండి. సరుకు తక్కువ, ధర ఎక్కువ.

10. పచ్చి చేపలు తేవాలనుకుంటే కొనడం ఆఖరి రోజు పెట్టుకుని, ఆ పొద్దున్నే బస్సెక్కేయండి. థర్మాకోల్ పెట్టెలో కింద ఐసు, మధ్యలో చేప, పైన మళ్లీ ఐసు వేసి, మూత చుట్టూ టేపు అంటించండి. బ్యాగులో చిన్న గుడ్డలో కాఫీపొడి మూటకట్టి పడేస్తే పక్క సీటు వాళ్లకి వాసన తెలియదు. కాఫీపొడికి మనకేం కరువు!

11. ఈ హైరానా వద్దనుకుంటే ఎండు నెత్తళ్లు కొనండి. ఇంటికి రాగానే మళ్లీ ఓ పూట ఎండలో పోసి, గట్టి మూత డబ్బాలో పెడితే వానాకాలానికి అక్కరకొస్తాయి.

12. చేపలు కొనని రోజు హార్బర్ నుంచి నేరుగా వన్‌టౌన్ వెళ్లి, ఎండెక్కకముందే కొండెక్కండి. ఒకదాని పక్కన ఒకటి మూడు గుట్టలు: రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, ఇంకోదాని మీద దర్గా, మూడోదాని మీద వెంకన్న గుడి. రాస్ హిల్ మీద నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ ఎదురుగా ఉంటుంది, లోపలి రేవుకి వెళ్లే ఓడలు మీ కాళ్ల కిందనుంచే పోతాయి. టికెట్ లేదు, బోటు షికారు కన్నా నాకు ఇదే నచ్చుతుంది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ ఈ రేవులోకి మొదట వచ్చింది. ఆ రోజుల్లో అలల్ని ఆపడానికి రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్ట కట్టారంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు.

13. దిగాక కురుపాం మార్కెట్లో పూజ సామాను కొనుక్కోండి. పండక్కి కావలసిన పసుపు, కుంకుమ, ఒత్తులు, సాంబ్రాణి ఒక్కచోటే దొరుకుతాయి. చీటీ ఇంట్లోనే రాసుకెళ్తే అదనపు కొనుగోళ్లు ఉండవు.

14. సబ్‌మెరైన్‌కి మధ్యాహ్నం తెరవగానే వెళ్లండి, సాయంత్రం అయితే క్యూలోనే గంట పోతుంది. లోపల గుండ్రటి ఇరుకు ద్వారాల్లోంచి వంగి దూరాలి, చీర కన్నా చుడీదార్ నయం. ‘కురుసురా’ 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసింది. అందులో మనుషులు ఎలా వండుకున్నారో, ఎలా పడుకున్నారో చూస్తే మన ఇరుకు వంటిల్లే విశాలం అనిపిస్తుంది.

15. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది. రెండూ ఒకే పూట చూసేస్తే ఇంకోసారి ఆటో ఖర్చు తప్పుతుంది.

16. సాయంత్రం బీచ్‌లో పిల్లలకి మురీ మిక్చర్ పెట్టించండి, కళ్లముందే కలుపుతారు కాబట్టి కారం తగ్గించమనొచ్చు. బజ్జీలు నూనె రంగు చూసి కొనండి.

17. కాళ్లకి ఇసుక అంటుకుంటే కడగకండి. ఆరాక టాల్కం పౌడరు చల్లి దులిపితే మొత్తం రాలిపోతుంది.

18. ఉప్పునీటిలో తడిసిన బట్టల్ని ఆ రాత్రే మంచినీళ్లలో జాడించి ఆరేయండి, సబ్బు ఇంటికొచ్చాక పెట్టొచ్చు. వెండి పట్టీలు మాత్రం ముందే తీసి దాచండి.

19. ఇంకో పూట ఉంటే సముద్రం ఒడ్డునే బస్సులో భీమిలి వెళ్లండి. డచ్చివాళ్ల పాత రేవు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల గుండా పారే గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే.

20. ఇది అన్నిటికన్నా ముఖ్యం. గెడ్డలో ఈదడం వచ్చిన మన పిల్లలు సముద్రాన్నీ అలాగే అనుకుంటారు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే అలలకి ఈత పనికిరాదు. పాదాలు తడిసేంతవరకే దింపండి, చెయ్యి మాత్రం వదలకండి.